తెలుగులో పిలిచే మోహిని

కార్మిల్లా నుంచి నాగవల్లి దాకా, వెండితెర మీద మోహించి చంపే ఆడదయ్యాల కథల్లో అసలు నేరం ఎవరిది?

'ఆప్తమిత్ర' విడుదలైన 2004 ఆగస్టు నాటికి నటి సౌందర్య లేరు. ఏప్రిల్ 17న కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన చిన్న విమానం బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ నుంచి లేచిన కాసేపటికే కూలిపోయింది. ఆమెతో పాటు సోదరుడు అమర్‌నాథ్ కూడా పోయారు. నాలుగు నెలలు తిరిగేసరికి, పోయిన మనిషి తెర మీద పగతో తిరిగొచ్చిన నర్తకిగా కనిపిస్తుంటే కన్నడ ప్రేక్షకులకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ హాళ్లలో కూర్చున్న తెలుగువాళ్లకు ఇంకో వింత కూడా ఎదురైంది. కన్నడ సినిమాలో దయ్యం తెలుగు మాట్లాడుతోంది.

అప్పటిదాకా మెత్తగా, నవ్వుతూ ఉండే ఇల్లాలు గంగ (సౌందర్య). భర్త బయటికి వెళ్లొద్దంటాడు. అంతే. మెడ కొంచెం పక్కకు వాలుతుంది, చూపు బిగుసుకుంటుంది, గొంతు మారుతుంది, భాష మారుతుంది. ఒంటి చేత్తో మంచం లేపేస్తుంది. మరుసటి ఏడాది వచ్చిన తమిళ 'చంద్రముఖి'లో జ్యోతిక చేసిందీ ఇదే. రెండు సినిమాల్లోనూ పతాక ఘట్టంలోని నాట్యగీతం 'రారా' తెలుగులోనే సాగుతుంది.

ఈ కథకు మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'. మధు ముట్టం రాసిన ఆ కథలో నాగవల్లి తంజావూరు నుంచి తెచ్చిన తమిళ నర్తకి. అక్కడ పగ తమిళంలో మాట్లాడుతుంది. కథ కన్నడ, తమిళ దేశాలకు వచ్చేసరికి నర్తకి తెలుగుదైంది. 2007లో హిందీ 'భూల్ భులయ్యా'కు చేరేసరికి బెంగాలీ మంజులిక అయింది. ఎవరి సినిమాలోనైనా మోహిని పొరుగింటి పిల్లే. మన ఇంటి ఆడవాళ్ల నోట రాకూడదనుకున్న కోరికనీ, కోపాన్నీ పక్క భాష నోట పెట్టేస్తే మన పరువు దక్కుతుంది కదా! తెలుగువాళ్లం 'చంద్రముఖి'ని డబ్బింగులో చూశాం. అందులో ఆమె తమిళం మాట్లాడుతుంది, అంటే మనకూ ఆమె పొరుగింటి పిల్లే అయింది. 

ఈ మోహినికి యూరప్‌లో పెద్దక్కలు ఉన్నారు. డ్రాకులా నవల కన్నా పాతికేళ్లు ముందు, 1872 నాటికే ఐరిష్ రచయిత షెరిడన్ లె ఫాన్యు 'కార్మిల్లా' రాశాడు. బండి ప్రమాదం పేరుతో అతిథిగా ఓ ఇంట్లో చేరి, ఆ ఇంటి పిల్లను ప్రాణంగా చేరదీసి, రాత్రిళ్లు నెత్తురు పీల్చే జమీందారీ కన్య ఆమె. 1970లో హామర్ సంస్థ దీన్నే 'ది వాంపైర్ లవర్స్'గా తీసింది. బ్రిటన్ సెన్సార్ పెద్దల సినిమాలకు కనీస వయసును పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచిన ఏడాది అది. ఆ వెసులుబాటును నిర్మాతలు బాగానే వాడుకున్నారు. సినిమాను నిలబెట్టింది మాత్రం ఇంగ్రిడ్ పిట్ కళ్లు. చిన్నతనంలో నాజీ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడిన నటి ఆవిడ. చంపబోయే పిల్ల మీద ఆమె చూపించే దిగులు చూస్తే, కోరిక, జాలి, ఆకలి మూడూ ఒకే ముఖంలో కనిపిస్తాయి.

అంతకుముందు 1936లో హాలీవుడ్ 'డ్రాకులాస్ డాటర్' తీసింది. గ్లోరియా హోల్డెన్ వేసిన ఆ దొరసాని తన రక్తదాహం వదిలించమని ఒక మానసిక వైద్యుడిని ఆశ్రయిస్తుంది. వైద్యం పారదు, చివరికి బాణం దెబ్బకు చస్తుంది. అక్కడ ఓడిపోయిన వైద్యుడే యాభై ఏడేళ్ల తర్వాత 'మణిచిత్రతాళు'లో మోహన్‌లాల్ రూపంలో గెలిచాడు అనుకోవచ్చు.

నాగవల్లికి అసలైన తోబుట్టువు ఇటలీలో ఉంది. మారియో బావా 1960లో తీసిన 'బ్లాక్ సండే'లో ఆసా అనే రాకుమారిని సొంత అన్నే మంత్రగత్తె అని ముద్ర వేయిస్తాడు. లోపల మేకులున్న కంచు ముసుగును ఆమె ముఖం మీద పెట్టి సుత్తితో దిగగొడతారు. సినిమా మొదలయ్యేదే ఆ దెబ్బతో. రెండు శతాబ్దాల తర్వాత లేచి, తన పోలికలే ఉన్న వంశపు పిల్ల కాత్య ఒంటిని ఆక్రమించాలని చూస్తుంది. రెండు పాత్రలూ బార్బరా స్టీల్‌వే. బ్రిటన్ ఈ సినిమాను 1968 దాకా తెరకు రానివ్వలేదు. ఆసాను చివర్లో తగలబెడతారు. ముసుగు కొట్టించిన అన్నను మాత్రం సినిమా మొత్తంలో ఎవరూ వేలెత్తి చూపరు.

ఇక మన బి.విఠలాచార్య. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, కన్నడ చిత్రాలతో మొదలుపెట్టి, తెలుగువాళ్లకు దయ్యాల మీద మక్కువ పుట్టించిన మనిషి. ఆయన 1978 నాటి 'జగన్మోహిని'లో జయమాలిని మోహిని. మనిషిని వలలో వేసుకుంటుంది, ఇంట్లో చేరుతుంది, పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. చిన్నప్పుడు చూసినవాళ్లెవరూ ఆ మంటను మరిచిపోరు. పోరాటమంతా మోహినికీ, దేవుణ్ణి నమ్ముకున్న ఇల్లాలికీ మధ్యే. ఇద్దరు ఆడవాళ్లు కొట్టుకుంటుంటే మగవాడు మధ్యలో అమాయకుడిగా నిలబడి ఉంటాడు.

'ఆప్తమిత్ర'లో నాగవల్లి కథ ముగింపు ఇంకా చిత్రం. రాజు ఆమె ప్రియుణ్ణి చంపించాడు, ఆమెను సజీవంగా కాల్చేశాడు. దుర్గాష్టమి రాత్రి వైద్యుడు ఏం చేస్తాడు? పలకను తిప్పి, రాజుకు బదులు బొమ్మను పెట్టి, ఆమె పగ తీరిందని నమ్మిస్తాడు. గంగ బతికి బయటపడుతుంది, సంతోషమే. నాగవల్లికి దక్కింది మాత్రం ఒక మోసం. కాల్చినవాడి వారసులు ఆమె పట్ల తప్పు జరిగిందని ఒక్క మాట అనరు.

ఆ చిన్నచూపు తెర దాటి బయటికీ వచ్చింది. 2009 డిసెంబరు 30న 'ఆప్తమిత్ర' హీరో విష్ణువర్ధన్ కన్నుమూశారు. 'ఆప్తమిత్ర'కు కొనసాగింపుగా ఆయన నటించిన 'ఆప్తరక్షక' ఆ తర్వాతే, 2010 ఫిబ్రవరిలో విడుదలైంది. సౌందర్య మరణంతో దీన్ని ముడిపెట్టి, నాగవల్లి శాపం అన్నారు జనం. ఒకటి విమాన ప్రమాదం, ఇంకొకటి గుండెపోటు. కథలో కాలిపోయిన ఆడమనిషి మీదికే నిజమైన చావుల నింద కూడా నెట్టడం నాకు బాధగానే అనిపిస్తుంది.

బెంగళూరు గోడల మీద మరో మోహిని ఉండేది. 1990లలో ఇంటి తలుపుల మీద 'నాళె బా' (రేపు రా) అని రాసుకునేవారు. రాత్రి పూట ఎవరో తెలిసిన గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే చావే, ఆ రాత చదివితే వెనక్కి వెళ్లి మర్నాడు మళ్లీ వస్తుంది. ఇదే భయం మన ఊళ్లలో 'ఓ స్త్రీ రేపు రా' అయింది. పాశ్చాత్య రక్తపిశాచి కూడా లోపలికి రమ్మంటే తప్ప గడప దాటదంటారు. మనవాళ్లు రావద్దనలేదు, పొమ్మనలేదు, మర్యాదగా వాయిదా వేశారు.

తిరుపతి రాజ్ నిడిమోరు, చిత్తూరు కృష్ణ డి.కె. కలిసి ఈ పుకారునే 'స్త్రీ'గా రాశారు. అమర్ కౌశిక్ దర్శకత్వంలో 2018లో వచ్చిన ఆ హిందీ సినిమాలో దయ్యం ఒక వేశ్య. ప్రేమించినందుకు ఊరివాళ్లే జంటను చంపేశారు. చివరికి ఊరు ఆమెకు విగ్రహం కట్టి, గోడల మీద పాత రాతను మార్చి, కాపాడమని వేడుకుంటుంది. ఇన్నేళ్ల మోహినుల కథల్లో, ఊరు తన తప్పు తెలుసుకుని ఆమె ముందు తలవంచింది నాకు ఇక్కడే కనిపించింది.

నాగవల్లిని తెలుగు మనిషిగా చూపించింది కన్నడ, తమిళ సినిమాలు. ఆమె వైపు నిలబడి కథ చెప్పాల్సింది మన దర్శకులు. రాజునీ, అతని కోటనీ, ఆమెను కాలుస్తుంటే చూస్తూ ఊరుకున్న జనాన్నీ బోనులో నిలబెట్టే సినిమా తెలుగులో రావాలి. ఆమె తెలుగు మనకు డబ్బింగు లేకుండానే అర్థమవుతుంది కదా.