బొమ్మ ఎలా ఉందటండీ?

"బొమ్మ ఎలా ఉందటండీ?" అని అడుగుతారు మనవాళ్ళు. ఆ చివరనున్న "ట" చూడండి. చిన్న అక్షరమే గాని, ఎవరో చూచారనీ, ఏదో అన్నారనీ, ఆ అన్నమాట మనదాకా వచ్చిందనీ, అంత అర్థాన్నీ అదే మోస్తున్నది. సినిమా విమర్శకుల ఉద్యోగమంతా ఆ ఒక్క అక్షరంలో ఇమిడి ఉన్నది. నలుగురున్న సంసారం ఆటకు బయలుదేరాలంటే టిక్కెట్లు, ఆటో, విరామంలో పిల్లలడిగే పేలాలు (పాప్‌కార్న్ అనకపోతే ఇప్పుడు అమ్మే అబ్బాయికి అర్థం కాదు) అన్నీ లెక్క చూచుకోవాలి. కనుక ఎవరో ఒకరు ముందుగా చూచి చెప్పడం అవసరమే. ఐతే ఆ చెప్పేవారు దేనిని పట్టుకుని చెబుతున్నారన్నదే నా ప్రశ్న.

పూర్వం బొమ్మ విడుదలైన వారానికో, పది రోజులకో పత్రికలో సమీక్ష వచ్చేది. కొడవటిగంటి కుటుంబరావుగారి వంటి రచయితలు సినిమాను గురించి వ్యాసాలు వ్రాసేవారు. ఇప్పుడు మన ఊళ్ళో మొదటి ఆట పడకమునుపే అమెరికాలో ఆట ఐపోతుంది. అక్కడి సాయంకాలం మనకు తెల్లవారుజాము. మనం కాఫీ కలుపుకునేసరికి సమీక్ష సిద్ధం. దాని అడుగున మార్కులు: ఐదుకు రెండుంబావు, రెండున్నర, రెండుముప్పావు! జవాబు పత్రాలు దిద్దడం నాకు ఏటేటా ఉన్న పనే. పావు మార్కు తగ్గిస్తే ఏ వాక్యం దగ్గర తగ్గించామో పిల్లవాడికి వేలుపెట్టి చూపించగలగాలి. సినిమా సమీక్షలలో ఆ పావు ఎక్కడ పోయిందో చూపించినవారు అరుదు. పైగా పౌరాణికానికీ, ప్రహసనానికీ, చావు ఇంటి కథకూ అందరికీ అదే కొలబద్ద. గజంబద్దతో పాలు కొలిచినట్టుంటుంది.

ఈ నాలుగైదేళ్ళలో విమర్శకులచేత ఎక్కువ మాట్లాడించిన తెలుగు బొమ్మ 2022 మార్చి 25న విడుదలైన "ఆర్.ఆర్.ఆర్." అందులో సందేహం లేదు. న్యూయార్కు సినీ విమర్శకుల సంఘం ఆ ఏటి ఉత్తమ దర్శకుడిగా రాజమౌళిని ఎన్నుకున్నది. 2023 జనవరిలో "నాటు నాటు" పాటకు గోల్డెన్ గ్లోబు, మార్చిలో ఆస్కారు వచ్చాయి. కీరవాణిగారూ, చంద్రబోసుగారూ ఆ వేదికమీద నిలబడితే మన ఇళ్ళల్లో పండుగైంది. అక్కడి విమర్శకులు ముఖ్యంగా మెచ్చుకున్నది ఏమిటయ్యా అంటే, ఆ జోరు. ఇద్దరు మగవాళ్ళ స్నేహాన్ని సిగ్గుపడకుండా అంత పెద్దది చేసి చూపడం, లారీలోనుంచి పులులు దూకడం, పోట్లాటలోనూ పాటలోనూ ఒకే ఊపు.

మన దేశంలో విమర్శ వేరే దారిన పోయింది. అల్లూరి సీతారామరాజు 1924లోనూ, కొమురం భీం 1940లోనూ అమరులయ్యారు. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు, ఇది కల్పన అని దర్శకుడే ముందుగా చెప్పాడు. అంతవరకూ పేచీ లేదు. కొందరు విమర్శకులు అడిగింది మరొకటి. భీం గోండు వీరుడు, నిజాం ప్రభుత్వపు అటవీ అధికారులమీద జోడేఘాట్ కొండల్లో పోరాడి నేలకొరిగినవాడు. బొమ్మలో ఆ పోరాటం ఏమైంది? అతణ్ణి అమాయకుడైన అడవి మనిషిగా చేసి, చివరకు రాముడిని చదువు చెప్పమని అడిగించారేమి? ఈ ప్రశ్నకు "అబ్బే, వినోదానికి తీసినదానిలో చరిత్ర వెదుకుతారా" అన్నది చాలామంది సమాధానం.

ఆ సమాధానం నాకు సరిపడలేదు. కవి కథను మార్చకూడదని మన లాక్షణికులెవ్వరూ అనలేదు. భారతంలో దుష్యంతుడు శకుంతలను ఎరిగి ఉండే ఎరగనంటాడు. కాళిదాసు దుర్వాసుడి శాపం తెచ్చిపెట్టి ఆ మచ్చ తుడిచాడు. మార్పుకు ప్రయోజనం ఉన్నది, పాత్ర పెరిగింది. ఇక్కడ రాముడి పాత్ర మార్పువల్ల పెరిగింది, సందేహం లేదు. విల్లంబులు పట్టుకుని అడవిలో కనబడేసరికి హాలు దద్దరిల్లింది. భీం పాత్ర అదే కొలతన పెరిగిందా? పులితో తలపడ్డప్పుడు, కొరడా దెబ్బలు తింటూ మోకాలు వంచకుండా పాడినప్పుడు పెరిగింది. కథ ముగిసేసరికి శిష్యుడైపోయాడు. కల్పిత వీరులే కావలసినప్పుడు కల్పిత నామాలు పెట్టుకోవచ్చు. పేరు అరువు తెచ్చుకుంటే, ఆ పేరుమీద జనానికున్న భక్తి కూడా దానివెంట వస్తుంది. ఆ భక్తిని వాడుకున్నవారిని లెక్క అడిగే హక్కు విమర్శకుడికి ఉన్నది. ఈ మాట అంటున్నందుకు ఆ బొమ్మను నేను తక్కువగా చూచానని అనుకోవద్దు సుమా. వంతెన దగ్గర ఇద్దరూ చేతులు కలిపే ఘట్టానికి నేనూ కుర్చీ అంచుకు వచ్చాను. మెచ్చుకున్నవారూ, ప్రశ్నించినవారూ ఒకరినొకరు చదువుకోకపోవడమే నాకు కష్టంగా తోచింది.

దీనికి పూర్తిగా ఎదురుకొసన ఉన్న బొమ్మ 2023 మార్చి 3న వచ్చిన "బలగం". హాస్యనటుడిగా మనం ఎరిగిన వేణు యెల్దండి దర్శకుడు. కథ అంతా ఒక తెలంగాణ పల్లెలో ముసలాయన చావు. కొమురయ్య తాత పోతాడు. మనవడి నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టుకున్న ఇల్లు కాస్తా చావు ఇల్లౌతుంది. ఇరవై ఏళ్ళనాడు విందులో నల్లి బొక్క దగ్గర బావా బావమరుదులకు మాట పట్టింపు వచ్చి తెగిపోయిన రాకపోకలు, ఆ శవం దగ్గర మళ్ళీ ఎదురెదురు పడతాయి. మూడవ నాడు పిండం పెడితే కాకి ముట్టదు. ఐదవ నాడూ ముట్టదు. తాతకు తీరని కోరిక ఏమిటి?

సమీక్షకులు చాలామంది మెచ్చుకున్నారు. యాసను, మట్టి వాసనను, భీమ్స్ సంగీతాన్ని పొగిడారు. ఐతే మధ్యలో నడక మందగించిందనీ, ఒకే విషయం మళ్ళీ మళ్ళీ వస్తున్నదనీ, ఏడుపు ఎక్కువనీ ఒక మాట వినబడింది. ఆ మాట అన్నవారు అమ్మమ్మ దగ్గర కథ వినలేదు కాబోలు. మొదటిసారి, రెండోసారి, మూడోసారి అని ముమ్మారు తిరిగి రావడం జానపద కథకు ప్రాణం. కాకి మొదటి రోజే వచ్చి వాలితే కథే లేదు. అది రాని ప్రతిసారీ ఇంట్లో ఒక్కొక్కరి గుట్టు బయటపడుతుంది. చివర బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య చనిపోయినవాడి కథను పాడుతుంటే బిడ్డలందరూ కూలబడి ఏడుస్తారు. అది దర్శకుడు కుర్చీలో కూర్చుని అల్లిన ఎత్తు కాదు, పల్లెల్లో ఉన్న ఆచారం. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆయన గొంతు ఆ బొమ్మలో మిగిలింది. పాటలు వ్రాసిన కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ గీత రచయిత బహుమతి వచ్చింది.

ఏ విమర్శకుడి మార్కులకూ అందని సంగతి ఆ తరువాత జరిగింది. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ దగ్గర తెర కట్టి, ఊరంతా చాపలు పరచుకుని ఆ బొమ్మ చూచారు. చూచిన మీదట ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలుసుకున్నారని పత్రికలు వ్రాశాయి. మనకు రససిద్ధాంతం చెప్పే పాఠాల్లో "సాధారణీకరణం" అని ఒక మాట వస్తుంది: తెరమీది దుఃఖం ఫలానావాడిది కాకుండా పోయి అందరిదీ కావడం. ఎన్ని ఉదాహరణలిచ్చినా పిల్లల ముఖాలు తెల్లగానే ఉండేవి. ఆ ఏడు "బలగం" అన్నాను, తలలు ఊగాయి.

దీనిమీద నాకున్న ఫిర్యాదు వేరు. మనవడు సాయిలు కట్నం డబ్బుతో అప్పులు తీర్చుకోవాలని లెక్కలు వేసుకునే పిల్లవాడు. బొమ్మ అతణ్ణి నవ్వుతూ, చాలా చౌకగా క్షమించేసింది. నడక మందమని పావు మార్కు కోసినవారు ఈ సంగతికి ఏమీ కోయలేదు.

"కల్కి 2898 ఏ.డి." 2024 జూన్ 27న వచ్చింది. దీనిమీద సమీక్షలు ఒకే మూసలో ఉన్నాయి: మొదటి సగం సాగతీత, రెండో సగం భేష్, దృశ్యాలు అద్భుతం, అమితాబ్ బచ్చన్ ఇంకా అద్భుతం, అక్కడక్కడ హాలీవుడ్ బొమ్మల పోలికలు. అన్నీ నిజమే. "మ్యాడ్ మాక్స్", "డ్యూన్" చూచినవారికి ఆ ఎడారీ, ఆ బళ్ళూ చుట్టాల్లాగానే కనబడతాయి. కాని నేను చదివినవాటిలో అసలు విషయాన్ని పట్టుకున్నవి దొరకలేదు. సౌప్తిక పర్వం తెలుగులో మనకు తిక్కనగారు ఇచ్చారు. నిద్రపోతున్న ఉపపాండవులను చంపినవాడు, ఉత్తర గర్భంలోని శిశువుమీద అస్త్రం వేసినవాడు అశ్వత్థామ. చావు లేకపోవడమే అతనికి శిక్ష. నాగ్ అశ్విన్ ఆ మనిషినే ఆరు వేల ఏళ్ళ తరువాత నిద్రలేపి, ఒక గర్భిణికి కాపలా పెట్టాడు. గర్భాన్ని చంపబోయిన చేతులు గర్భాన్ని కాయడం! ఆ ఒక్క ఊహకోసం నేను మొదటి సగపు సాగతీతను భరించాను. పోట్లాటలు ఎలా ఉన్నాయో, గ్రాఫిక్కులకు ఎంతైందో వ్రాసిన చోట, ఈ ఊహను గురించి నాలుగు వాక్యాలు వ్రాస్తే, భారతం ఎరగని పిల్లలకు బొమ్మ ఇంకొంచెం ఎక్కువ దక్కేది.

హాస్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2025 జనవరి 14న వచ్చిన అనిల్ రావిపూడి "సంక్రాంతికి వస్తున్నాం"లో తర్కం లేదని కొందరు చిన్నబుచ్చుకున్నారు. ప్రహసనానికి తర్కమేమిటండీ! జనం పండుగ పూట ఇంటిల్లిపాదీ వెళ్ళి నవ్వుకుని వచ్చారు. అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. బుల్లిరాజు అనే చిన్నపిల్లవాడి నోట అన్నేసి బూతులు పెట్టి దానిని హాస్యమనడం ఎంతవరకు సబబు? ఇది అడిగినవారు లేకపోలేదు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళే తల్లికి "ఐదుకు ఎంత" అన్నదానికంటె ఈ కబురే ఎక్కువ పనికివస్తుంది.

ఆ ఏడే మార్చి 14న రామ్ జగదీశ్ "కోర్ట్" వచ్చింది. పంతొమ్మిదేళ్ళ అబ్బాయి, పదిహేడేళ్ళ అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి మామయ్య పరువు పేరిట పోక్సో చట్టం క్రింద ఆ అబ్బాయిని జైలుకు పంపుతాడు. మామయ్య మంగపతిగా శివాజీ నటనను మెచ్చని సమీక్షకుడు లేడు. న్యాయవాదిగా వేసినవాడు మన "బలగం" సాయిలే, ప్రియదర్శి. వాదోపవాదాలు రక్తి కట్టాయన్నారు, కట్టాయి. 2012 నాటి ఆ చట్టం ఎంతోమంది పసివాళ్ళకు ఉన్న ఒకే ఒక్క కంచె అన్న సంగతి మాత్రం సమీక్షలలో ఇంకొంచెం బరువుగా రావలసింది. దుర్వినియోగపు కథ ఒక్కటే చూచి ఇంటికి వచ్చిన తండ్రి, రేపు కూతురు నిజంగా ఏదైనా చెప్పుకోబోతే ఎలా వింటాడు? చట్టాన్ని గురించి పిల్లలకు చెప్పాలని బొమ్మ తానే వాదించింది గనుక, ఆ మాటను అందిపుచ్చుకోవడం విమర్శకుడికి కష్టం కాదు.

ఇంతకూ విమర్శకులు ఉండాలా, అక్కర్లేదా అన్న తగవు కోర్టులకూ ఎక్కింది. కేరళ హైకోర్టుకు సహాయకుడుగా ఉన్న న్యాయవాది, విడుదలైన 48 గంటలదాకా సమీక్షలు ఆపుకోవాలని 2024లో సూచించారు. తమిళ నిర్మాతలు యూట్యూబు వారిని థియేటరు ఆవరణలోకే రానివ్వవద్దని అదే ఏడు నవంబరులో కోరారు. మొదటి మూడు రోజులు సమీక్షలు ఆపమన్న కోరికకు మద్రాసు హైకోర్టు డిసెంబరులో ఒప్పుకోలేదు. నిర్మాతల బాధ అబద్ధం కాదు. డబ్బు తీసుకుని తిట్టేవారూ, ఇవ్వలేదని తిట్టేవారూ, ఒక హీరోమీద అభిమానంతో మరొక హీరోను తిట్టేవారూ ఉన్నారు. ఐనా నోరు కట్టేస్తే ముందుగా నష్టపోయేది చిన్న బొమ్మలే. పెద్ద బొమ్మకు ఊరంతా కటౌట్లుంటాయి. చిన్న బొమ్మకు ఎవరో ఒకరు "చూడండి" అనడం తప్ప వేరే దిక్కులేదు.

దానికి సాక్ష్యం 2018 సెప్టెంబరు 7న వచ్చిన "కేరాఫ్ కంచరపాలెం". దర్శకుడు వెంకటేశ్ మహా కొత్తవాడు. నిర్మాత అమెరికాలో వైద్యురాలు. నటులలో ఎక్కువమంది విశాఖపట్నంలోని ఆ పేటవాళ్ళే, అంతకుముందు కెమెరా ముఖం చూడనివారు. పోస్టరుమీద చూచి గుర్తుపట్టే ముఖం ఒక్కటీ లేదు. విమర్శకులు ముక్తకంఠంతో మెచ్చుకున్నారు గనుకనే అది నలుగురి కంటా పడింది. వేరువేరు వయసుల నాలుగు ప్రేమకథలు విడివిడిగా నడిచి, ఆఖరున ఒక మలుపు దగ్గర ముడిపడతాయి. నేను చదివిన సమీక్షలలో ఆ మలుపును ఒక్కరూ బయటపెట్టలేదు. వేగానికి పోటీపడి వ్రాసే ఈ రోజుల్లో అంత నిగ్రహం చూపినందుకు వారికి నమస్కారం. ఇన్నేళ్ళైనా చూడనివారు ఉంటారు గనుక, నేనూ చెప్పను.