గ్రావెల్ బైక్ మీద ఆఫర్ ఉందా? ముందు ఫ్రేమ్ సైజ్ చూడండి!

గ్రావెల్ బైక్ (బండి కాదు, సైకిలే) మీద 40 శాతం ఆఫ్, ఈ రాత్రే లాస్ట్ అని నోటిఫికేషన్ వచ్చిందనుకోండి. వేలు ఆల్రెడీ 'బై నౌ' మీదే ఉంటుంది, తెలుసు. ఒక్క నిమిషం ఆగి ఫ్రేమ్ సైజ్ చూడండి. క్లియరెన్స్‌లో తరచుగా మిగిలేవి మరీ చిన్నవి, లేదా మరీ పెద్దవి. టైర్లు, సీటు తర్వాత మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మార్చలేం కదా! 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 58 సెంటీమీటర్ల ఫ్రేమ్ ఫ్రీగా ఇచ్చినా నడుంనొప్పే.

ఇంకోటి, తొక్కేది ఎక్కడ? హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీదే అయితే 40 ఎంఎం టైర్లు దండగ, మామూలు హైబ్రిడ్ చాలు. వికారాబాద్ వైపు మట్టిరోడ్లు ఎక్కుతారా? సైజ్ కూడా కుదిరిందా? అయితే నేనేం ఆపను. కాకపోతే కొన్ని మోడల్స్‌కి పెడల్స్ కూడా రావు, విడిగా కొనాలి. ఆ డబ్బులు పక్కన పెట్టుకోండి!