పిల్లవాణ్ణి ఆట మధ్యలో తీసేస్తే



బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో ఒక సాయంత్రం. స్కూళ్ల మధ్య వాలీబాల్ పోటీ. స్కోరు 18-18. కోచ్ మీ అబ్బాయిని బయటికి పిలిచి ఇంకొకణ్ణి లోపలికి పంపాడు. మీకు ముందుగా ఏమనిపిస్తుంది? "మనం వాళ్లవాళ్లం కాదు కదా, అందుకే" అనిపిస్తుంది. తరతరాలుగా ఆ ఊరివాళ్లమే అయినా, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా బతికే మనకు ఆ అనుమానం తొందరగా వస్తుంది. నాకూ వచ్చింది. మైదానం అంచున నిలబడి తెలుగులో కేకలు వేశాను. కోచ్‌కు తెలుగు రాదు. నా మాటలు అర్థమైంది మావాడొక్కడికే.

ఆట నియమాలు తెలిసుంటే అలా అరిచేవాణ్ణి కాదు. వాలీబాల్‌లో ముందు వరుసలో ముగ్గురు, వెనుక ముగ్గురు ఉంటారు. అవతలి జట్టు సర్వీసు మన చేతికి వచ్చినప్పుడల్లా అందరూ గడియారం ముల్లు తిరిగే వైపుగా ఒక్కో స్థానం జరగాలి. కాబట్టి వెనుక నిలబడి బంతిని చక్కగా ఎత్తే పొట్టివాడైనా ఎప్పుడో ఒకప్పుడు వల దగ్గరికి రాక తప్పదు. అవతల పొడుగాటి స్మాషర్ ఉంటే అక్కడ వీడి చేతులు అందవు. అప్పుడు కోచ్ వీణ్ణి తీసి పొడుగువాణ్ణి పంపుతాడు. సెట్టు మొదట్లో ఆడినవాడు అదే సెట్టులో ఒకసారి తన స్థానానికి తిరిగి రావచ్చు. ఆ చోటు వెనుక వరుసలోకి తిరిగాక మళ్లీ వీణ్ణే పిలుస్తాడు. ఇక ఎత్తు సంగతంటారా, ఒకడు పదమూడేళ్లకే తాటిచెట్టులా పెరుగుతాడు, ఇంకొకడికి పదహారు రావాలి.

పి.వి.సింధు తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టులో ఆడారు. తల్లి విజయగారూ వాలీబాల్ క్రీడాకారిణే. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు కోచ్ గోపీచంద్ సింధు ఫోను మూడు నెలలు తీసి దాచేశారు. ఆమె రజతం గెలిచాకే తిరిగిచ్చారు. ఇంట్లోవాళ్లు అడ్డం పడితే అలాంటి కట్టడి వారం కూడా నిలవదని నా అభిప్రాయం.

అలాగని కోచ్ ఏం చేసినా తలవంచమని కాదు. దెబ్బ తగిలినవాణ్ణి ఆడించినా, చెయ్యి చేసుకున్నా, ఎండలో నీళ్లు తాగనివ్వకపోయినా ఆ రోజే వెళ్లి అడగాలి. కులమో భాషో చూసి పక్కన పెట్టేవాళ్లు అసలు లేరనీ అనను. ఆ అనుమానం ఉంటే మర్నాడు, పిల్లవాడు పక్కన లేనప్పుడు, కోచ్ భాషలోనే అడగండి. "ఎందుకు తీశారు" అని కాదు, "ఏం నేర్చుకుంటే వీడికి చోటు దొరుకుతుంది" అని. కారణం ఉన్నవాడు వెంటనే చెబుతాడు. రెండుమూడుసార్లు అడిగినా నీళ్లు నమిలితే హెడ్మాస్టరు గది ఎలాగూ ఉంది.

నేను వారం తర్వాత వెళ్లి అడిగాను. ఆ సెట్టులోనే మావాణ్ణి మళ్లీ పిలిచాడట. నా కేకలు విన్నాక వాడే "వద్దు సార్" అన్నాడట.