బొమ్మ టాంకులో తప్పులు దిద్దుట

యుద్ధమునందలి టాంకును చిన్న కొలతకు దించి, ప్లాస్టికు ముక్కలుగా పోతపోసి, పెట్టెలలో పెట్టి అమ్ముదురు. కొన్నవారు ఆ ముక్కలను జిగురుతో అతికి, రంగు వేసి, బొమ్మను నిలుపుదురు. ఇది పిల్లల యాటయని తోచవచ్చును. కాని యీ పనియందు దీక్ష వహించిన పెద్దలు పెక్కురు కలరు. వారి శ్రమలో హెచ్చుభాగము అతుకుటయందు గాక, పెట్టెలో వచ్చిన తప్పులను దిద్దుటయందే గడచును.

ఆ తప్పులేల కలుగును? జపాను దేశమున షిజువొకా నగరమందలి తమియా సంస్థవారు 1960 తరువాతి తొలి సంవత్సరములలో జర్మనుల పాంథరు టాంకు బొమ్మను చేసిరి. అది నడచుటకై లోపల మోటారును, బ్యాటరీలను ఇమిడ్చిరి. బ్యాటరీలు పట్టునంత బొమ్మను చేయగా, అది అసలు టాంకులో ఇంచుమించు 35వ వంతైనది. ఆ వంతే పిదప ఇతర దేశములయందును వాడుకలో నిలిచినది. ఆట కొఱకు, అమ్మకము కొఱకు చేసిన వస్తువునందు అసలు రూపము కొంత సడలుట సహజము.

ఒక దృష్టాంతము చూతము. షెర్మను అను టాంకులను అమెరికావారు 1942 మొదలు 1945 వఱకు సుమారు 49,000 నిర్మించిరి. ఒక్కొక్క దానిలో ఐదుగురు సైనికులుందురు. ఈ టాంకు మనకు కేవలము పరాయిది కాదు. హైదరాబాదు నిజాము రాజ్యమున 1790లో పుట్టిన దక్కను హార్సు దళము 1965లో పంజాబునందలి అసల్ ఉత్తర్ యుద్ధమున షెర్మనులతోనే పోరినది.

ఈ టాంకునకు ఇరుప్రక్కల, గొలుసు పట్టాలపైకి చొచ్చుకొని వచ్చిన పొడవైన అరలు కలవు. తమియావారి పాత షెర్మను బొమ్మలలో ఆ అరలకు అడుగు లేదు. బొమ్మను తిరుగవేసినచో లోపలి బోలు కనబడును. అడుగుభాగమును ఎవరు చూచెదరని కొందఱందురు. కాని మొదటి షెర్మనులలో ఫిరంగి గుండ్లు పెక్కు ఆ అరలలోనే యుండెడివి. శత్రువు గుండు అచట దూరినచో టాంకు భగ్గున మండెడిది. అందువలన గుండ్లున్న చోట్ల వెలుపల అంగుళము మందము గల ఉక్కు పలకలను, కుడివైపున రెండు, ఎడమవైపున ఒకటి, అతికిరి. 1944 నుండి క్రొత్త టాంకులలో గుండ్లను నేలమట్టమునకు దించి, చుట్టును నీరు నింపిన అరలలో ఉంచిరి. దెబ్బతిన్న పాత రకములో నూటికి 60 మొదలు 80 వఱకు కాలిపోగా, క్రొత్త రకములో 10 మొదలు 15 వఱకే కాలినవని 1945లో అమెరికా సైన్యమువారు తేల్చిరి. మనుష్యుల ప్రాణములు ఆధారపడిన అర అది. దానిని బోలుగా విడుచుట ఆ సంగతిని మఱచుటయే.

దిద్దుబాటునకు కొలతయే మూలము. ముఖమును ఒక తాళముగా గొని శిల్పి తక్కిన అవయవములను నిర్ణయించునట్లు, ఇచట ప్రతి కొలతను 35చే భాగింపవలెను. షెర్మను వెడల్పు 262 సెంటీమీటర్లు. బొమ్మలో 75 మిల్లీమీటర్లు కావలెను. పట్టా వెడల్పు 42 సెంటీమీటర్లు; బొమ్మలో 12 మిల్లీమీటర్లు. అంగుళపు పలక ముప్పాతిక మిల్లీమీటరు కంటె కొంచెము పలుచన. అర అడుగునకు ముందు కాగితము కత్తిరించి సరిచూచి, దాని ప్రకారము పలుచని ప్లాస్టికు రేకును కోసి అతికి, జిగురు బాగుగా ఆరిన పిమ్మట గరుకు కాగితముతో అంచులు రుద్దవలెను.

అయితే తొందరపడి ప్రతి భేదమును తప్పనరాదు. షెర్మనులను పలు కర్మాగారములలో చేసిరి. నడుమ మార్పులును పెక్కు చేసిరి. గుండ్లను నేలకు దించిన టాంకునకు వెలుపలి పలకలు లేకుండుటయే సరియైన రూపము. వానిని అతికినచో మనమే క్రొత్త తప్పు చేసినవారమగుదుము. ప్రదర్శనశాలయందలి టాంకు సైతము వేర్వేఱు టాంకుల భాగములతో బాగుచేయబడినది కావచ్చును. కనుక ముందుగా ఒక్క టాంకును, ఒక్క కాలమును ఎన్నుకొని, తేది తెలిసిన ఛాయాచిత్రములతో పోల్చి, పిదప కత్తి పట్టవలెను. అసలు టాంకును ఎన్నడును చూడని బాలుడు ఈ బొమ్మను చూచియే దాని రూపమును నమ్మును. అందుచేతనే యీ శ్రమ.