పూటకూటి పంక్తి

భోజనప్రియుణ్ణి లోకం కొంచెం చిన్నచూపు చూస్తుంది. సంగీతాన్ని మెచ్చినవాడు రసికుడు, కావ్యాన్ని మెచ్చినవాడు సహృదయుడు. కూరను మెచ్చినవాడు మాత్రం తిండిపోతు! ఈ తీర్పు న్యాయమైనది కాదు. రసమంటే ఏమిటో చెప్పవలసి వచ్చినపుడు భరతముని అంతటివాడు నాట్యశాస్త్రంలో వంటింటినే ఆశ్రయించినాడు. నానావ్యంజనాలతో సంస్కరించిన అన్నాన్ని భుజిస్తూ సుమనస్కులు రుచులను ఆస్వాదించినట్లే ప్రేక్షకులు స్థాయిభావాలను ఆస్వాదిస్తారని ఆయన చెప్పిన దృష్టాంతం. కావ్యరసానికి అన్నరసమే ఉపమానమైనపుడు, ఊరూరా మంచి హోటలును వెతుక్కొంటూ తిరిగే భోజనప్రియుడు కూడా తన పరిధిలో ఒక సహృదయుడే అనవలసి ఉంటుంది.

అయితే ఆ సహృదయుడు ఎక్కడ కూర్చుని తిన్నాడు, అతని ప్రక్కన ఎవరు కూర్చున్నారు అనే ప్రశ్న రుచి కంటె తక్కువది కాదు. తెలుగువారి భోజనానికి ప్రాణమైన మాట ‘పంక్తి’. ఒక్కడే తింటే ఆకలి తీరుతుంది. పంక్తిలో తింటే అది భోజనమవుతుంది. ఆ పంక్తిలోకి ఎవరిని రానిస్తారు, ఎవరిని రానీయరు అనే దాని మీదనే ఒకనాడు మనిషి విలువ నిర్ణయమయ్యేది. ‘పంక్తిబాహ్యుడు’ అన్న మాట భోజనశాలలో పుట్టి సంఘమంతటా వ్యాపించినది. తెలుగునాట డబ్బిచ్చి తినే ఇంటి చరిత్ర ఈ పంక్తి ఎంత మేరకు విశాలమైనదో చెప్పే చరిత్ర.

పూర్వం అన్నం పెట్టడం పుణ్యం. అన్నం అమ్మడం పాపం. భారతంలో చెప్పిన కలియుగ లక్షణాలలో అన్నవిక్రయం కూడా ఒకటి అని వ్యాఖ్యాతలు వివరించినారు. కాని పుణ్యం మీద ఆధారపడిన అన్నం అందరికీ, అన్ని వేళలా దొరికేది కాదు. పరాయి ఊరిలో బంధువులు లేనివాడు, సత్రానికి అర్హత లేనివాడు, ఒకరి ఇంటి గడపలో చేయి చాపడానికి మనసొప్పనివాడు ఏమి కావాలె? అతని కోసం వెలసినదే పూటకూళ్ళ ఇల్లు. పూటకు కూడు పెట్టి, పూటకు రూక పుచ్చుకొనే ఇల్లు అది. అక్కడ తిన్నవాడు ఎవరికీ ఋణపడి ఉండడు. ఆ స్వేచ్ఛ కూడా ఒక రుచియే.

అటువంటి ఇంటిని మన సాహిత్యంలో కన్నులకు కట్టినట్లు చూపిన గ్రంథం ‘క్రీడాభిరామం’. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం. తెలుగు చేసినవాడు వినుకొండ వల్లభరాయడు. శ్రీనాథుని రచనయే అని వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు వాదించినారు. కర్తృత్వం మాట అటుంచి, గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ ఉండగా లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంటి భోజనం ప్రస్తావనకు వస్తుంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ కట్టిన కమ్మని పెరుగు - ఇవన్నీ ఒక్క రూకకు. కవి ఇక్కడ దేవతల విందును వర్ణించలేదు, రాజుల విందునూ వర్ణించలేదు. ఊరిలో ఒక ఇంటి పేరు చెప్పి, వంటకాల పట్టిక చెప్పి, వెల కూడా చెప్పినాడు. నేటి భోజనప్రియుడు మిత్రునికి ఒక హోటలును గూర్చి చెప్పవలసి వస్తే ఇంతకంటె ఏమి చెప్పగలడు? తెలుగులో హోటలు సమీక్షకు ఆద్యుడెవరని అడిగితే నిస్సంకోచంగా ఈ కవి పేరు చెప్పవచ్చును.

ఓరుగల్లు నుంచి గురజాడ అప్పారావుగారి విజయనగరం చేరుకొనే సరికి పూటకూటి ఇంటి ముఖం మారిపోయినది. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమగ్రంగా తిరిగి వ్రాయబడిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మకు పేరు లేదు, వృత్తియే పేరు. ఆమె వితంతువు. గిరీశానికి అన్నం పెట్టినది ఆమె, మోసపోయినదీ ఆమెయే. ఆమె చీపురుకట్ట పట్టుకొని వచ్చిన సన్నివేశానికి ప్రేక్షకులు నూరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. నవ్వు తీరిన తరువాత ఆలోచించవలసినది ఒకటి ఉన్నది. ఆనాటి బ్రాహ్మణ వితంతువుకు బంధువుల ఇంట కూలి లేని వంట చేయడమో, తన ఇంట కూలికి వంట చేయడమో తప్ప వేరొక జీవనాధారం దాదాపు లేదు. ఆమె చేతి చారును జుర్రుకొన్నవారే ఆమె శీలాన్ని గూర్చి గుసగుసలాడినారు. తెలుగు పట్టణాలలో గుమాస్తాలు ఉద్యోగాలు చేసినా, విద్యార్థులు పరీక్షలు తేరినా అందులో ఈ పేరు లేని తల్లుల చేతి చలువ ఎంతో ఉన్నది. పట్టభద్రుల పేర్లు కళాశాల గోడల మీద నిలిచినవి. వారికి అన్నం వండినవారి పేర్లు ఎక్కడా లేవు.

తరువాత కాఫీ వచ్చినది. కాఫీతో హోటలు వచ్చినది. ఉడిపి నుంచి వచ్చినవారు ఇడ్లీకి, దోసెకు బల్లలు, కుర్చీలు వేసినారు. పల్లె నుంచి కోర్టు పని మీద పట్నం వచ్చిన రైతుకు హోటలులో కాఫీ త్రాగడం ఒక ముచ్చట. కాని బల్లలు మారినంత త్వరగా పంక్తి మారలేదు. బ్రాహ్మణులకు వేరే గది ఉన్న హోటళ్ళు దక్షిణదేశంలో చాలాకాలం సాగినవి. హరిజనునకు ఏ గదీ లేదు. గుమ్మం బయట నిలబడితే వేరే పాత్రలో పోసేవారు. జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో కథానాయకుడు ఆకలిగొన్న మనిషియే, తన మొర శివునికి వినిపించడానికి అతనికి ఒక గబ్బిలం తప్ప దూత దొరకలేదు.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ఈ విషయాన్ని పేరు పెట్టి చెప్పినది. జాతి, మత, కుల, లింగ భేదాలను బట్టి ఏ పౌరుణ్ణీ దుకాణాలలో, ఫలహారశాలలలో, హోటళ్ళలో ప్రవేశించకుండా అడ్డగించరాదని పదునైదవ అధికరణం శాసించినది. పదునేడవ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసినది. 1955లో దానికి శిక్షాస్మృతి కూడా ఏర్పడినది. ఒక దేశపు మూలశాసనంలో ఫలహారశాల ప్రస్తావన రావడం చిన్న విషయం కాదు. శాసనం వచ్చిన తరువాత కూడా పల్లెటూరి టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి ఎన్నో చోట్ల కొనసాగినది. గ్లాసు ఒక్కటి కావడానికి ఎందరో దెబ్బలు తిన్నారు. ఇప్పుడు హోటలులో ఎవరి ప్రక్కన ఎవరో అడగకుండా కూర్చుని పెసరట్టు తినేవాడు, ఆ అడగకపోవడం ఎంత విలువైనదో ఒక్కసారి తలచుకొనడం మంచిది.

ఈ విషయంలో హైదరాబాదు ఇరానీ హోటలుకు ఒక ప్రత్యేక గౌరవం దక్కవలసి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరువదవ శతాబ్ది మొదట ఇరాను నుంచి వలస వచ్చినవారు బొంబాయిలోను, హైదరాబాదులోను ఈ హోటళ్ళు పెట్టినారు. చలువరాతి బల్ల, కర్ర కుర్చీ, చిక్కని చాయ, ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కత్తు - ఇంతే సంపద. రిక్షావాడు, వకీలు, కవి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్క చాయతో గంటసేపు గడిపినా లెమ్మనేవారు లేరు. రంజాను మాసపు సాయంకాలాలలో అదే నగరంలో హలీం భట్టీల వద్ద మరొక పంక్తి ఏర్పడుతుంది. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడికించి, పొడవైన కర్రలతో మెదిపి చేసే ఆ వంటకానికి 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఉపవాసమున్నవారు తినే ఆ వంటకం కోసం ఉపవాసం లేనివారు కూడా వరుసలో నిలబడతారు.

తెలుగువారి హోటళ్ళకు మరొక విశేషం ఉన్నది. ఇక్కడ అన్నం పెట్టేవాడు ఎక్కువ కాలం పరాయివాడుగా ఉండలేడు. పూటకూళ్ళు పెట్టినామె ‘అమ్మ’ అయినది; విజయవాడలో వెన్నపూస వేసిన ఇడ్లీలకు పేరుపడినది ‘బాబాయి హోటలు’; వీధి మొగలో పాక వేసుకొన్నవాడిది ‘కాకా హోటలు’. గుంటూరులో ఒక కూడలికి కూడలే శంకర్ విలాస్ పేరుతో చలామణి అవుతున్నది. కాకినాడ సుబ్బయ్య హోటలు బుట్టభోజనం పేరు చెబితే ఇరుగుపొరుగు జిల్లాలవారికి కూడా నోరూరుతుంది. కోనసీమలో అంబాజీపేట వైపు వెళ్ళినవాడు పనసాకుల బుట్టలలో ఆవిరి మీద ఉడికిన పొట్టిక్కలు తినకుండా తిరిగి రాడు. దిల్లీలోని ఆంధ్ర భవన్ భోజనశాల ముందు నిలబడే వరుసలో తెలుగు రానివారే ఎక్కువ అనిపిస్తుంది. పప్పులో నెయ్యి, కందిపొడిలో మరికొంచెం నెయ్యి, గోంగూర, చారు, గడ్డపెరుగు - ఈ క్రమం వారికిప్పుడు పరిచితమే.

ఏది మంచి హోటలు అని తేల్చడానికి భోజనప్రియులు నూరు లక్షణాలు చెబుతారు. అయితే శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఇంటి అతిథిసేవను వర్ణిస్తూ చూపిన లక్షణం అన్నిటికంటె గట్టిది: ఋతువెరిగి వడ్డించడం. వానాకాలంలో వేపుళ్ళు, వడియాలు, వరుగులు. ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, చెరకురసం, లేతకొబ్బరినీళ్ళు, మజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి తగిలిన వేడికూరలు, ముక్కునంటే ఆవపచ్చళ్ళు, కరగిన నెయ్యి. అతిథి శరీరానికి ఆనాడేమి కావలెనో గృహస్థు ముందే ఊహించినాడన్న మాట. నేడు పెద్దపెద్ద హోటళ్ళలో నూరు పేర్ల పట్టిక ఉంటుంది. పన్నెండు నెలలూ అదే పట్టిక. చిన్న మెస్సులో పట్టిక ఉండదు. కాని వేసవి వస్తే మామిడికాయ పప్పు వస్తుంది, కార్తికం వస్తే కందాబచ్చలి కూర వస్తుంది. వండేవారు బజారుకు తామే వెళ్ళి కూరలు ఏరుకొని వస్తారు కనుక ఋతువు వారి సంచిలోనే వంటింటికి చేరుతుంది.

ఈ పంక్తికి నేడు రెండు వైపుల నుంచి ముప్పు కనిపిస్తున్నది. ఒకటి ఒంటరితనం. ఫోను మీద వేలు మోపితే భోజనం గుమ్మానికి వస్తుంది, పంక్తి రాదు. వండినవారి ముఖం తినేవాడికి తెలియదు, తిన్నవాడి తృప్తి వండినవారికి తెలియదు. మధ్య ఎండలో వానలో బండి తోలుకొని వచ్చిన కుర్రవాడు తిన్నాడో లేదో ఎవరికీ తెలియదు. రెండవది మరింత పాతది. కార్తికమాసంలో ఉసిరిచెట్టు క్రింద ఊరంతా కలిసి తినవలసిన వనభోజనం ఎన్నో చోట్ల కులానికొక తోటగా, కులానికొక సభగా చీలిపోయినది. శాసనం హోటలు తలుపులు తెరిపించగలిగినది గాని, తోటలోని విస్తళ్ళను కలపలేకపోయినది.

అయినా నిరాశపడనక్కరలేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా వద్ద మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగను చూసినవారికి ఈ మాట తెలుస్తుంది. కోరిక ఉన్నవారు, కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టెను అందుకొని తింటారు. తమ కోరిక తీరిన తరువాతి ఏడాది వచ్చి మరొకరికి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె - ఏ రొట్టె కావలెనని అడుగుతారే గాని, అది ఏ ఇంటిలో కాల్చినదని అడగరు. పట్టణాలలో మరొక పంక్తి కూడా ఏర్పడినది. 2014లో హైదరాబాదులో 5 రూపాయల భోజనం మొదలైనది. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు వచ్చినవి, 2019లో మూతపడినవి, 2024లో తిరిగి తెరచుకొన్నవి. కూలీలు, ఆసుపత్రికి వచ్చిన పల్లెటూరివారు, ఉద్యోగం వెతుక్కొనే యువకులు అక్కడ ప్లేటు పట్టుకొని వరుసగా నిలబడతారు. అది దానం కాదు, వారు వెల ఇచ్చి తింటున్నారు. లక్ష్మణవజ్ఝల ఇంట రూక పెట్టి తిన్నవాడి ఆత్మగౌరవమే ఈ అయిదు రూపాయల నాణెంలోనూ ఉన్నది.

మంచి హోటలు దొరికినపుడు భోజనప్రియుడు తప్పక ఆనందించవలె, నలుగురికీ చెప్పవలె. ఆ చెప్పడంలో పచ్చడి ఘాటుతో పాటు, వంటింటి తలుపు వెనుక చెమట తుడుచుకొంటున్న మనిషి పేరు కూడా ఒకటి చేర్చగలిగితే, పేరు లేకుండా పోయిన పూటకూళ్ళమ్మ ఋణంలో కొంతయినా తీరుతుంది. ప్రక్క కుర్చీ ఖాళీగా ఉన్నదా అని ఎవరైనా అడిగితే, కొంచెం జరిగి చోటివ్వడం మిగిలిన ఋణం.