పాటుపడు స్త్రీ బరువు తగ్గవలెనన్న ఎంత తినవలెను?

వానాకాలమున నాట్లు ముమ్మరముగా సాగు దినములలో కరీంనగరు ప్రాంతపు మడులలో ఉదయము వంగిన నడుము సాయంత్రము వరకు పూర్తిగా నిలువదు. అట్లు పాటుపడు స్త్రీలలో కొందరు ఈ మధ్య ఉదయము చాయతో సరిపెట్టుకొని, మధ్యాహ్నము సద్దిలో సగము తిని, రాత్రి అన్నము మానివేయుచున్నారు. ఎందుకని అడిగినచో "ఒళ్లు తగ్గవలె" నందురు. ఒళ్లు తగ్గవలెనను కోరికలో తప్పు లేదు. కాని పొలములో పనిచేయు మనిషి తిండి ఎంత తగ్గించవచ్చును, ఎంతకు మించి తగ్గించరాదు అను విషయము తెలియక చేసిన ఉపవాసము బరువుతోపాటు బలమును కూడ తీసికొనిపోవును. ఆ లెక్కను చదువరులకు వివరింపదలచితిమి.

ఒకప్పుడు మన పల్లెలలో ఈ ప్రశ్నయే పుట్టియుండదు. కడుపునిండ గట్క దొరకుట ఎట్లన్నదే నాటి చింత. ఇప్పుడు రెండు చింతలును ఒకే వాడలో ఉన్నవి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 30 మంది ఉండదగినదానికంటె ఎక్కువ బరువున్నారు. సుమారు 19 మంది ఉండవలసినదానికంటె తక్కువ బరువున్నారు. రక్తహీనత గలవారు నూటికి 57 మంది. ఈ చివరి అంకెను చదువరులు మరువరాదు. లావుగా నున్న స్త్రీకి రక్తము నిండుగా ఉండునని మనము తలచెదము. అది నిజము కాదు. బియ్యము, నూనె, చక్కెర ఎక్కువై, పప్పు, ఆకుకూర, గుడ్డు తక్కువైనచో లావును, రక్తహీనతయు ఒకే ఒంటిలో కాపురముండును.

కావున మొదట తేల్చుకొనవలసినది, నిజముగా తగ్గవలసిన బరువున్నదా అని. ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ అంకెను దానితోనే గుణించి, వచ్చిన దానితో బరువును భాగించవలెను. ఫలితము 18.5కు, 23కు నడుమ ఉన్నచో బరువు సరిగానే ఉన్నది. 150 సెంటీమీటర్ల ఎత్తుగల స్త్రీ 42 నుండి 51 కిలోల వరకు ఉండవచ్చునన్నమాట. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటినచో, బరువు ఎంతయున్నను కొంత జాగ్రత్త పడవలెను. ఇరుగుపొరుగువారి మాటలు విని, 45 కిలోల పిల్ల అన్నము మానుట అన్యాయము. అట్టివారికి కావలసినది ఇంకొక ముద్ద. ఆదిలాబాదు అడవులలో దొరకు ఇప్పపువ్వుతో ఉట్నూరులో ఆదివాసి స్త్రీలు లడ్డులు చేయుచున్నారు. అవి బక్కచిక్కినవారికి తగిన తిండి, సన్నబడగోరువారికి కాదు.

ఇక శరీరము ఖర్చుచేయు శక్తి సంగతి. ఆహారమునుండి లభించు శక్తిని కొలుచు ప్రమాణమునకు కాలరీ యని పేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు స్త్రీపురుషులకు ఎంత శక్తి కావలెనో లెక్కకట్టినది. 1918లో కూనూరులో రాబర్టు మెకారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన అంకెల ప్రకారము 55 కిలోల స్త్రీకి కూర్చొని చేయు పనియైనచో దినమునకు 1,660 కాలరీలు, మధ్యరకపు శ్రమయైనచో 2,130, కఠినశ్రమయైనచో 2,720 కాలరీలు అవసరము. పనియేమియు చేయక పడుకొనియున్నను గుండె కొట్టుకొనుటకు, ఊపిరి ఆడుటకు, ఒళ్లు వెచ్చగా నుండుటకు సుమారు 1,180 కాలరీలు ఖర్చగును. ఈ ఖర్చును ఎవరును తప్పించుకొనజాలరు.

ఇక్కడ మన ప్రాంతమునకు ప్రత్యేకముగా వర్తించు మాట యొకటి కలదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మలు ప్రాంతములలో వేలాది స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచున్నారు. ప్రొద్దుననుండి చీకటిపడు వరకు తల ఎత్తని పని అది. మెడ, వెన్ను, వ్రేళ్లు నొచ్చును. అలసటలో అది ఏ పనికిని తీసిపోదు. కాని శక్తి ఖర్చు దృష్ట్యా అది కూర్చొని చేయు పనియే. నాటు వేయు స్త్రీకిని, బీడీ చుట్టు స్త్రీకిని దినమునకు సుమారు వేయి కాలరీల తేడా ఉన్నది. వేయి కాలరీలనగా దాదాపు 300 గ్రాముల బియ్యము. ఇద్దరును ఒకే కుండలోని అన్నమును ఒకే కొలతతో తిన్నచో, ఒకరికి చాలదు, మరియొకరికి మిగులును. మిగిలినది నడుము చుట్టు చేరును. "మేమును పొద్దస్తమానము కష్టపడుచున్నాముగదా, ఎందుకు లావగుచున్నాము?" అని బీడీ కార్మికురాండ్రు అడుగు ప్రశ్నకు సమాధానము చాలవరకు ఇదియే. వారి కష్టమును తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. కష్టము వేరు, కాలరీ వేరు.

ఎంత తగ్గించవలెనను దానికి వత్తము. ఒక కిలో కొవ్వు కరగుటకు ఇంచుమించు 7,700 కాలరీలు లోటుపడవలెను. దినమునకు 500 కాలరీలు తక్కువ తిన్నచో వారమునకు మొదట అరకిలో వరకు తగ్గవచ్చును; తరువాత ఆ వేగము మందగించును. వారమునకు అరకిలో అన్నది క్షేమమైన హద్దు. బరువు తగ్గించు ఆహారమైనను దినమునకు వేయి కాలరీలకు తగ్గరాదని పోషకాహార సంస్థవారు హెచ్చరించిరి. ఆ వేయి అడుగుగోడయే కాని చేరవలసిన గమ్యము కాదు, శ్రమచేయువారికి అసలే కాదు.

కలుపు తీయుట, పత్తి ఏరుట, ఇంటి పని, నీళ్లు మోయుట వంటి మధ్యరకపు శ్రమ చేయు స్త్రీ, 60 కిలోలకు పైబడియున్నచో, 1,700 కాలరీల దాపున తిని నెమ్మదిగా తగ్గవచ్చును. నాట్ల దినములలో 2,200కు తగ్గరాదు; మా అభిప్రాయమున ఆ రెండు మూడు వారములు బరువు సంగతి మరచిపోవుటయే మేలు. బీడీ చుట్టు స్త్రీ 500 తగ్గించబోయినచో పోషణకు చాలినంత మిగులదు. ఆమె తిండిలో 250 తగ్గించి, మిగిలినది నడకతో సాధించవలెను. అరగంట వడిగా నడచినచో నూరు కాలరీలకు పైగా ఖర్చగును. వంగియుండిన వెన్నుకును అది మందు.

1,700 కాలరీల తిండి ఎట్లుండును? ఒక దినమునకు బియ్యము, జొన్న, మక్క అన్నియు కలిపి పావుకిలోకు కొంచెము తక్కువ, పప్పు 70 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, నూనె నాలుగు చిన్న చెంచాలు, ఒక గుడ్డు, ఒక జామపండు. ఇందు మాంసకృత్తులు 55 గ్రాముల వరకు లభించును. 55 కిలోల స్త్రీకి 46 గ్రాములు కావలెను గనుక కండ కరగిపోవునను భయము లేదు. చూచితిరిగదా, పస్తుండ నక్కరలేదు. పళ్లెములో అన్నపు గుట్ట తగ్గి, పప్పు, కూర పెరిగినవి, అంతే. మన ఇండ్లలో సాధారణముగా దీనికి తలక్రిందులుగా నుండును: పళ్లెము నిండ అన్నము, నడుమ ఇంత పచ్చిపులుసో తొక్కో. పుంటికూర పప్పు గట్టిగా వండి అన్నముతో సమానముగా వడ్డించుకొన్నచో ఆకలియు తీరును, ఇనుమును కొంత లభించును. స్త్రీకి దినమునకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. భోజనముతో నిమ్మకాయో, జామపండో, ఉసిరికయో తిన్నచో ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టును. భోజనము కాగానే చాయ త్రాగినచో ఆ ఇనుము వ్యర్థమగును. ఒక గంట ఆగి త్రాగవచ్చును.

చాయ మాట వచ్చినది గనుక ఇంకొకటి. నాలుగుసార్లు చాయ, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర అనుకొనుడు. చక్కెర వలననే 160 కాలరీలు చేరినవి. నూనె చెంచా ఒక్కటికి 45 కాలరీలు. సర్వపిండి నూనె నిండుగా పోసి కాల్చుటకును, కొద్దిగా రాచి కాల్చుటకును తేడా రుచిలో స్వల్పము, లెక్కలో అధికము. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలో ఉన్నంతకాలము పనుల నడుమ చేయి అటే పోవును. అది మానవ సహజము, మేమును ఎరుగుదుము. పండుగ సకినాలు మానుమని చెప్పబోము. పండుగ వెళ్లిన తరువాత నెలదినములు సాగు సకినాల సంగతియే మేము చెప్పునది.

జొన్నరొట్టె తిన్నచో సన్నబడుదురని కొందరును, రాత్రి అన్నమునకు బదులు చపాతీ తిన్నచో చాలునని కొందరును నమ్ముచున్నారు. నూరు గ్రాముల బియ్యములో ఎంత శక్తి కలదో నూరు గ్రాముల జొన్నలలోను, గోధుమలలోను దాదాపు అంతయే కలదు. జొన్నలో పీచు అధికము. కడుపు త్వరగా నిండి ఆకలి ఆలస్యమగును గనుక తక్కువ తిందురు. మేలు ఆ విధముగా కలుగునే కాని గింజ మహిమ వలన కాదు. నూనె పూసిన నాలుగు చపాతీలు అన్నముకంటె తక్కువేమియు కావు.

మన ఇండ్ల ఆచారము కూడ ఒకటి ఇందులో పాలుపంచుకొనుచున్నది. అందరును తిన్న పిదప ఇల్లాలు తినును. కూర మిగులకున్నచో అన్నము, తొక్కుతో ముగించును. అన్నము మిగిలినచో పారవేయుట పాపమని అదియు తినును. ఏ దినము ఎంత తిన్నదో ఆమెకే తెలియదు. ముందే తన పాలు వేరుగా తీసిపెట్టుకొనుట స్వార్థము కాదు. అత్తగారు, భర్త ఈ మాట ఒప్పుకొన్న ఇంట సగము పని తీరినట్లే.

మితిమీరి తగ్గించినచో ఏమగును? 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు, వారు స్వచ్ఛందముగా ఒప్పుకొనగా, ఇరువదినాలుగు వారములు దినమునకు సుమారు 1,570 కాలరీలు మాత్రమే ఇచ్చి, నడకయు పనియు చేయించెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. కాని బలము సన్నగిల్లినది, ఎప్పుడును చలి, చిరాకు, తిండి తప్ప వేరు ధ్యాస లేకపోవుట మొదలైనవి కలిగినవి. శరీరము పిసినారియై ఖర్చు తగ్గించుకొనెను. మడిలో పనిచేయు స్త్రీ ఒంటిపూట తిన్నచో అట్లే జరుగును: చేయి వెనుకబడును, కండ కరగును, కూలి తగ్గును. నెలసరి తప్పినను, జుట్టు అతిగా రాలినను, వంగి లేచినపుడు కండ్లు చీకట్లు క్రమ్మినను తిండి చాలుటలేదని గుర్తించి, ఆరోగ్య కేంద్రమునకు పోయి రక్తము పరీక్ష చేయించుకొనవలెను.

ఆటగత్తెలు దినములలో బరువు తగ్గుట చూచి భ్రమపడరాదు. మన పొరుగు నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబులులో 52 కిలోల తరగతిలో ప్రపంచ విజేతయై, 2024 పారిస్ ఒలింపిక్సులో 50 కిలోల తరగతిలో పోరాడెను. అదే ఒలింపిక్సులో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫొగాట్ నూరు గ్రాములు అధికముగా తూగినందున తుదిపోరుకు అనర్హురాలాయెను. తూకపు గడువుకు ముందు వారు తగ్గించునది చాలవరకు ఒంటిలోని నీరు. అది నిపుణుల కనుసన్నలలో జరుగు పని, మన వంటయింటికి తగినది కాదు.

గర్భిణులు, పాలిచ్చు తల్లులు బరువు తగ్గు ప్రయత్నమే చేయరాదు. మధుమేహమునకు మాత్రలో ఇన్సులినో వాడువారు డాక్టరునడుగక తిండి తగ్గించినచో రక్తములో చక్కెర ఒక్కసారిగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. తిండి సరిగానే ఉండి కారణము లేక లావగువారు థైరాయిడ్ పరీక్ష చేయించుకొనవలెను.

బరువును ప్రతిదినము తూచుకొననక్కరలేదు. వారమునకొక్కసారి, ఉదయము ఏమియు తినకముందు, ఒకే తూకముపై చూచుకొనిన చాలును. నెలసరికి ముందు ఒంటిలో నీరు నిలిచి ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపవచ్చును. అది చూచి రాత్రి అన్నము మానకుడు, వారము తిరుగునప్పటికి ఆ నీరు దానంతట అదియే పోవును.