కంచే చేను మేస్తే బీడీ చేసే వేళ్లు ఏమైతయి?

ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి దిక్కు బీడీలు చేసే అక్కలను ఒక్క మాట అడిగి సూడుండ్రి. పొద్దుగాల లేచినంక వేళ్లు సక్కగ మలగడానికి ఎంతసేపు పడుతుందని. "మొఖం కడుక్కునేలోపు సర్దుకుంటయి" అంటే ఫికర్ లేదు. "గంటసేపు పిడికిలి పట్టరాదు, చాయ్ గిలాస కూడా జారిపోతది" అంటే మాత్రం ఆ ముచ్చటను ఆడనే ఇడిసిపెట్టొద్దు. బీడీ పనిల కూలి వెయ్యికి ఇంత అని ఉంటది. ఆకు కత్తిరించాలె, తంబాకు పోసి చుట్టాలె, మూతి మలిపి దారం కట్టాలె. అంతా వేళ్ల కొసల మీదనే. ఆ వేళ్లు వాస్తే సగం కూలి పోయినట్టే. బీడీ జర వంకరైనా తీసి పక్కకు పారేస్తరాయె.

ఊర్ల దీన్ని "వాతం" అంటరు. వయసు మీద పడ్డదంటరు. ముప్పై ఐదేండ్ల మనిషికి వయసు మీద పడుడేందో నాకైతే ఎన్నడు సమజ్ కాలేదు. అన్ని నొప్పులు ఒక్కటి కావు. అరిగిన మోకాలు వేరు, పెయ్యే తన కీళ్ల మీద యుద్ధం చేసుడు వేరు. ఈ రెండోదాన్నే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటరు.

మన పెయ్యిల ఒక కావలి ఉంటది. రోగక్రిములు లోపలికొస్తే గుర్తుపట్టి చంపుడు దాని పని. తనోళ్లెవరు, పరాయోళ్లెవరు అన్నది ఆ కావలికి చిన్నప్పటి సంది తెలిసి ఉంటది. ఎప్పుడో ఒకప్పుడు ఆ గుర్తు తప్పుతది. కంచే చేను మేసినట్టు, కాపాడాల్సింది సొంత పెయ్యి మీదనే పడుతది. ఇట్ల వచ్చేటివే ఆటోఇమ్యూన్ రోగాలు. ఎనభై రకాలకు పైనే ఉన్నయి. కీళ్ల పొర మీద పడితే రుమటాయిడ్. ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడితే చిన్న పోరగాండ్లకు వచ్చే టైప్ 1 షుగర్. తోలుకు రంగునిచ్చే కణాల మీద పడితే బొల్లి. తోలు, కీళ్లు, కిడ్నీలు దేన్నీ ఇడిసిపెట్టనిది లూపస్. సోరియాసిస్ ఈ ఇంటిదే. థైరాయిడ్ తక్కువైన మస్తు మందికి కూడా మూలం ఇదే. ఇందుల ఒక్కటి కూడా ఒకరి నుంచి ఇంకొకరికి అంటేది కాదు. బొల్లి ఉన్నోళ్లను పెండ్లి బంతిల దూరం కూసోబెట్టే తెలివి మననుంచి ఎప్పుడు పోతదో.

ఈ రోగాలు ఆడోళ్లకే ఎక్కువ. లూపస్ అయితే పదిమందిల తొమ్మిది మంది ఆడోళ్లే. అట్లని మగపిల్లలు సంబురపడొద్దు. ఇరవై, ఇరవై ఐదేండ్లకు నడుము పట్టేసే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనేది కూడా ఒకటుంది. బరువు లేపితే వచ్చే నడుము నొప్పి పండుకుంటే తగ్గుతది. ఇది పండుకుంటే పెరుగుతది, నడిస్తే తగ్గుతది. తెల్లారుగట్ల నొప్పికి మెలకువ అయితది. మూడు నెలలకు పైన ఇట్లనే ఉన్న తమ్ముడు ఉంటే, దుబాయి వీసా కంటే ముందు డాక్టర్‌ను సూడు.

ఎందుకు వస్తదంటే ఒక్క కారణం చెప్పరాదు. పుట్టుకతోటి వచ్చే జీన్స్ కొంత, బయటి దెబ్బ కొంత. రుమటాయిడ్‌ల బయటి దెబ్బ అని గట్టిగ తేలింది పొగ. బీడీ, సిగరెట్ పొగకు ఊపిరితిత్తులల్ల కొన్ని ప్రొటీన్ల రూపం మారుతది. కావలి వాటిని పరాయివనుకొని వాటి మీదికి యాంటీబాడీలను తయారుచేస్తది. రక్తంల ఆ యాంటీబాడీలను వెతికే పరీక్షనే యాంటీ సీసీపీ. బీడీలు చేసుడుతోటే ఈ రోగం వస్తదని నేను అంటలేను. రోగం వచ్చినంక బతుకుదెరువు మీద మొదటి దెబ్బ ఎవరికి పడుతదో చెప్తున్న.

వెయ్యి మందిల ఐదుగురి నుంచి పదిమంది దాక ఈ రుమటాయిడ్ ఉంటది. 2011 జనాభా లెక్కల ప్రకారం కామారెడ్డి జిల్లాల 9.7 లక్షల మంది. పిల్లలను తీసేసి తక్కువల తక్కువ లెక్కగట్టినా మూడు వేల మందికి పైన తేలుతరు. ఇది నా లెక్కనే. ఈ మూడు వేల మంది ఏడున్నరు? ఎక్కువ మంది మన ఆర్‌ఎంపీ డాక్టర్ కాడనే ఉన్నరు. ఆయనను తిట్టుడు అల్కనే. రాత్రి పది గంటలకు తలుపు కొడితే లేచేది ఆయనొక్కడే. కాని ఆయన ఇచ్చే సూదిల చానాసార్లు ఉండేది స్టెరాయిడ్. 1948ల అమెరికాల ఫిలిప్ హెంచ్ అనే డాక్టర్ మొదటిసారి ఆ మందు ఇస్తే మంచాన పడ్డ మనిషి లేచి నడిచింది. రెండేండ్లకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాతనే దాని అసలు రంగు బయటపడ్డది. ఏండ్ల తరబడి వాడితే మొఖం ఉబ్బుతది, బొక్కలు గుల్లబారుతయి, షుగర్ వస్తది. అట్లని ఒక్కపారి బంజేసుడు ఇంకా ప్రమాదం. నొప్పి తగ్గుతది కాబట్టి రోగం తగ్గిందనుకుంటం. లోపల కీలు మాత్రం అరిగిపోతనే ఉంటది.

ఇంకో ఆలస్యం చికున్‌గున్యా పేరు మీద అయితది. 2005-06ల మన రాష్ట్రాన్ని ఊపేసినప్పటి సంది, ఏ కీలు నొచ్చినా "గా జరం నొప్పులే" అనుడు అలవాటైంది. నిజమే, ఆ నొప్పులు కొందరికి నెలల తరబడి ఉంటయి. కాని రెండు చేతుల చిన్న కీళ్లు వాచి ఆరు వారాలు దాటినా తగ్గకుంటే పరీక్ష చేపిచ్చాల్సిందే. మొదటి మూడు నుంచి ఆరు నెలల్ల మందు మొదలైతే వేళ్లు దక్కుతయి. ఒకసారి వంకరైన వేలును ఏ గోలీ కూడా సక్కగ చెయ్యలేదు.

మరి ఆ మందు ఏంది? మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి మింగే గోలీ. కంపెనీల కొత్త మందుల పక్కన పెడితే దీని ధర చాయ్ ఖర్చుల లెక్క. దీని వెనుక మన తెలుగాయన ఉన్నడు. 1895ల భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాల లెడర్లీ కంపెనీల ఆయన నడిపిన ల్యాబ్‌లనే 1940లల్ల ఫోలిక్ యాసిడ్ తయారైంది. దానికి అడ్డంపడే మందులు కూడా ఆడనే తయారైనయి. మొదలు వాటిని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చిన్రు. సుబ్బారావు 1948ల సచ్చిపోయిండు. కీళ్ల రోగానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది నలభై ఏండ్ల తర్వాత, 1988ల. ఇయ్యాల డాక్టర్ ఈ గోలీతోటి పాటు వేరే రోజు ఫోలిక్ యాసిడ్ గోలీ కూడా రాస్తడు, కడుపుల తిప్పుడు, నోటి పుండ్లు తగ్గాలని. రెండు గోలీలు ఒక్క ల్యాబ్ బిడ్డలే.

జర జాగ్రత్త ఉండాలె. వారానికి ఒకసారి మింగాల్సింది రోజూ మింగితే ప్రాణాల మీదికొస్తది. చీటీ సదవరాని అవ్వకు గోలీ డబ్బా మీద వారం పేరు పెద్దగ రాసి పెట్టుండ్రి. సారా, కల్లు, బీరు పడవు, లివర్ దెబ్బతింటది. మధ్యమధ్యల రక్తపరీక్షలు తప్పవు. కడుపుతోటి ఉన్నోళ్లు మింగొద్దు. పిల్లలు కావాలనుకున్న చెల్లె నెలల ముందే డాక్టర్‌కు చెప్పాలె, అప్పుడు వేరే మందుకు మారుస్తరు. ఇది దాచిపెట్టి పెండ్లి చేసే తల్లిదండ్రులకు ఏం చెప్పాలె?

అయినా ఈ గోలీ అందరికీ పనిచెయ్యదు. పనిచెయ్యనోళ్లకు బయోలాజిక్స్ అనే సూదులున్నయి. ఇవి రోగం నడిపించే ఒక్కొక్క సంకేతాన్ని పట్టుకొని ఆపుతయి. ధరలే గుండె ఆగేటట్టు ఉంటయి. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లనే రిటుక్సిమాబ్‌కు దేశీ రూపం తెచ్చింది. అడాలిముమాబ్‌ది 2014ల జైడస్ తెచ్చింది. ధర తగ్గింది, కాని బీడీ కూలికి అందేంత కాదు. ఇంకో చిక్కుంది. ఇవి కావలిని మెత్తగ చేస్తయి కాబట్టి పెయ్యిల నిద్రపోయిన టీబీ లేస్తది. అందుకే ముందు టీబీ పరీక్ష చెయ్యాలె. టీబీ మనకాడ తక్కువేం లేదు.

అందుకే మంచి మందులు కావాలంటున్న. ఇప్పుడున్నయన్నీ కావలిని మొత్తం పండబెట్టేటివో, సగం పండబెట్టేటివో. దానికి మళ్ల గుర్తు నేర్పే మందు కావాలె. 2025 నోబెల్ బహుమతి వచ్చింది ఈ ముచ్చటకే. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచి అనే ముగ్గురు, కావలిని అదుపుల పెట్టే రెగ్యులేటరీ టీ కణాల గురించి తేల్చిన్రు. అంటే కావలి మీద ఇంకో కావలి. జర్మనీల ఎర్లాంగెన్ దవాఖానల 2021ల ఒక లూపస్ పిల్లకు, ఆమె కణాలనే తీసి మార్చి మళ్ల ఎక్కించిన్రు. క్యాన్సర్‌కు చేసే కార్-టీ వైద్యమే అది. రోగం సద్దుమణిగింది, మందులు బందైనయి. అట్లాంటిది లింగంపేట దాక రావడానికి ఎన్నేండ్లు పడుతదో లెక్కగట్టుండ్రి.

అది వచ్చేదాక ఉన్నదన్న అందాలె కదా. రుమటాలజీ డాక్టర్ అంటే మనోళ్లకు గుర్తొచ్చేది పంజాగుట్ట నిమ్స్. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఒక బస్సు, ఆడికెళ్లి నూరు కిలోమీటర్ల పైన ఇంకో బండి. ఆ రోజు కూలి పాయె, తోడు వచ్చినోళ్ల కూలి పాయె. 2023ల కామారెడ్డికి సర్కార్ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆడ వారానికి ఒక్కరోజన్న కీళ్ల రోగాల ఓపీ నడవాలె. యాంటీ సీసీపీ పరీక్ష ఫుకట్ల చెయ్యాలె. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ పీహెచ్‌సీల దొరకాలె. ఆరోగ్యశ్రీని 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు, మంచిదే. కాని ఇది ఆపరేషన్ చేసి ఇంటికి పంపే రోగం కాదు. నెలనెలా గోలీ, మధ్యల రక్తపరీక్ష, బతికినన్నొద్దులు. 1976 చట్టం తోటి బీడీ కార్మికుల సంక్షేమానికి సెస్సు వసూలు చేసేటోళ్లు. 2017ల జీఎస్టీ వచ్చినంక దాన్ని ఎత్తేసిన్రు. ఆ పైసల జాగల ఏం పెట్టిన్రని అడిగే హక్కు ప్రతి పీఎఫ్ కార్డు ఉన్న అక్కకు ఉంది.

ఇంట్ల ఎవరినన్న హైదరాబాద్ తోల్కపోయేటప్పుడు ఒక పని చెయ్యుండ్రి. పాత చీటీలు, గోలీల ఖాళీ పత్తాలు, సూది సీసాలు అన్నీ ఒక కవర్ల ఏస్కొని పోండ్రి. ఇంతదాక స్టెరాయిడ్ ఎంత పోయిందో డాక్టర్‌కు తెలిసే తొవ్వ అదొక్కటే. ఇంకోటి, పొద్దుగాల వేళ్లు బాగా వాచి ఉన్నప్పుడు ఫోన్ల ఫోటో తీసుకొని పెట్టుకోండ్రి. దవాఖానల మీ వంతు వచ్చేవరకు మధ్యాహ్నమైతది, అప్పటికి వాపు తగ్గి ఉంటది.